స్టైరీన్: ఎంత విషం, ఎక్కడ ప్రమాదం

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరా, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లోనూ గ్రూప్స్‌కి చదువుకునేవాళ్లలో ఎవరిని అడిగినా విశాఖ గ్యాస్ లీకేజీ వివరాలు ఠక్కున చెబుతారు. తేదీ 2020 మే 7. కంపెనీ ఎల్జీ పాలిమర్స్. విడుదలైంది స్టైరీన్. విపత్తు నిర్వహణ సిలబస్‌లో ఉంది కాబట్టి ఎప్పుడైనా బిట్‌గా రావచ్చు. ఆ సమాధానంలో తప్పేమీ లేదు. అయితే స్టైరీన్ మామూలు వాతావరణంలో వాయువు కాదు, పల్చని నూనెలా ఉండే ద్రవం. 145 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గానీ మరగదు. అలాంటి ద్రవం నిప్పు తగలకుండా, ఎవరూ వేడి చేయకుండా, ఉన్నచోటే ఉండి, తెల్లవారుజామున మూడు గంటల వేళ వందల టన్నుల ఆవిరిగా ఊరి మీద ఎలా పడింది? ఇక్కడి బర్కత్‌పురకూ విశాఖకూ చాలా దూరమే. కానీ ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన వీధిలో థర్మాకోల్ గురించీ, జిరాక్స్ షాపు గురించీ, నగరం అంచున ఉన్న రసాయన కర్మాగారాల గురించీ దేనికి ఎంత భయపడాలో తెలుస్తుంది. ప్రస్తుతం మనం భయపడాల్సిన చోట కాకుండా వేరేచోట భయపడుతున్నామన్నది నా అభిప్రాయం.

స్టైరీన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరో మూలకం లేదు. అణువులో ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. ఒక బెంజీన్ వలయం, దానికి అతుక్కుని రెండు కార్బన్ల చిన్న తోక. ఆ తోకలో ఒక ద్విబంధం ఉంది. దీని ఉపయోగం, దీని ప్రమాదం రెండూ ఆ ద్విబంధంలోనే ఉన్నాయి. ఒక అణువులో అది విచ్చుకుని పక్క అణువును పట్టుకుంటుంది, ఆ అణువు ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. వేల అణువులు ఇలా గొలుసు కట్టాక తయారయ్యే గట్టి పదార్థమే పాలీస్టైరీన్. 1839లో బెర్లిన్‌లో మందుల వ్యాపారి ఎడువార్డ్ సైమన్ స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి స్టైరీన్‌ను వేరు చేశాడు. కొన్నాళ్లకు అది సీసాలోనే చిక్కబడి జిగురుముద్ద అయింది. గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల అలా మారిందని ఆయన అనుకున్నాడు. ఇలాంటి పదార్థాలు పొడవాటి గొలుసు అణువులన్న సిద్ధాంతాన్ని 1920లో హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సైమన్ సీసాలో జరిగిన మార్పూ, విశాఖ ట్యాంకులో జరిగిన మార్పూ రసాయనికంగా ఒకటే. సీసా చిన్నది కాబట్టి పుట్టిన వేడి గాజు గోడల్లోంచి ఎప్పటికప్పుడు బయటికి పోయింది. రెండు వేల టన్నులకు దగ్గరగా ఉన్న ట్యాంకు మధ్యలో పుట్టిన వేడికి బయటికి పోయే దారి లేదు.

ఇవాళ స్టైరీన్‌ను బెంజీన్, ఇథిలీన్ కలిపి చేసిన ఇథైల్ బెంజీన్ నుంచి తయారు చేస్తారు. దాని నుంచి థర్మాకోల్, పెరుగు కప్పులు, టీవీ, ఫ్రిజ్ లోపలి గట్టి ప్లాస్టిక్, హెల్మెట్ పెంకు, టైర్లలో వాడే కృత్రిమ రబ్బరు, ఫైబర్ షీట్లకు వాడే రెజిన్ అన్నీ వస్తాయి. అది లేని ఇల్లు మన నగరంలో ఉండదు.

ఇక దాని గుణాలు. వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలిసిపోతుంది. గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కూడా అక్కర్లేదు, అందులో పదోవంతుకే తియ్యటి పూలవాసనలాంటిది ముక్కుకు తగులుతుంది. పీపీఎం అంటే ఈ పది లక్షలకు ఒక భాగం లెక్కే. మోతాదు పెరిగితే అదే వాసన ఘాటుగా, భరించలేనట్టుగా మారుతుంది. ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. అందుకే పైకి లేచి చెదిరిపోకుండా నేలను అంటిపెట్టుకుని పల్లం వైపు, కాలువల వైపు, చావిళ్లలోకి, ఇళ్ల గడపల్లోంచి లోపలికి పాకుతుంది. నీటిలో దాదాపుగా కరగదు, లీటరుకు మూడోవంతు గ్రాము లోపే. నిప్పు తగిలితే మంట అంటుకోవడానికి 31, 32 డిగ్రీల వేడి చాలు. మే నెలలో విశాఖ మధ్యాహ్నం అంతకంటే వేడిగానే ఉంటుంది. గాలిలో ఒక శాతం నుంచి ఏడు శాతం దాకా కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ రాత్రి అంత ఆవిరి మధ్య ఎక్కడా మంట రేగకపోవడం ఆ ఊరి అదృష్టం. రేగి ఉంటే మరణాల లెక్క వేరుగా ఉండేది.

అసలు సంగతి దాని నిల్వలో ఉంది. ఒక కిలో స్టైరీన్ పాలిమర్‌గా మారేటప్పుడు సుమారు 670 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. ఆ వేడితో రెండు కిలోల మామూలు నీళ్లను మరిగే స్థాయికి తీసుకురావచ్చు. వేడి పెరిగిన కొద్దీ చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. తడి ఆరని గడ్డిని వామి వేస్తే పైకి ఏమీ కనబడకుండానే లోపల వేడెక్కి ఒకరోజు పొగ వస్తుందని రైతులకు తెలుసు. స్టైరీన్ ట్యాంకుదీ అదే పద్ధతి. దాన్ని ఆపడానికి మూడు కాపలాలు పెడతారు. మొదటిది చల్లదనం, 25 డిగ్రీలకు మించకుండా, వీలైతే 20 లోపు. రెండోది టెర్షియరీ బ్యుటైల్ కాటెకాల్ అనే నిరోధకం. కర్మాగారాల్లో టీబీసీ అంటారు. పది, పదిహేను పీపీఎం వేస్తే గొలుసులు మొదలుకాకుండా అడ్డుకుంటుంది. మూడోది ద్రవంలో కరిగిన ఆక్సిజన్. అది లేకపోతే టీబీసీ పనిచేయదు. స్టైరీన్‌ను పూర్తిగా గాలి తగలకుండా మూసి పెడితే భద్రమని పైపైన చూసినవాళ్లు అనుకోవచ్చు. అది తప్పు. కొంత గాలి దానికి అవసరం.

ఈ టీబీసీ కూడా కాలక్రమంలో ఖర్చైపోతుంది. తయారీదారుల సమాచారం ప్రకారం ట్యాంకు 15, 16 డిగ్రీల్లో ఉంటే నిరోధకం సుమారు ఆరు నెలలు నిలుస్తుంది. 29 డిగ్రీల్లో అయితే మూడు నెలలు. 43 డిగ్రీలకు చేరితే పది రోజులు అటూ ఇటూ. కాబట్టి స్టైరీన్ ట్యాంకు పక్కన ఎవరో ఒకరు ప్రతిరోజూ ఉండాలి. లాక్‌డౌన్‌లో తాళం వేసి వెళ్లిపోయే సరుకు కాదది.

విశాఖలో జరిగింది ఇదే. గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఆ కర్మాగారం 1961లో హిందుస్తాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. తర్వాత యూబీ గ్రూపు చేతిలోకి వెళ్లి, 1997లో దక్షిణ కొరియా కంపెనీ ఎల్జీ కెమ్ చేతికి వచ్చింది. మొదట్లో ఊరికి దూరంగా ఉన్న స్థలం. తర్వాత నగరం పెరిగి ప్రహరీ దాకా ఇళ్లు వచ్చాయి. 2020 మార్చి చివర్లో దేశమంతా లాక్‌డౌన్ పడింది. కర్మాగారం ఆగింది. ఎం6 అనే పాత ట్యాంకులో మాత్రం స్టైరీన్ నిండుగా ఉండిపోయింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదికలో వివరంగా ఉంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. 2019 డిసెంబర్‌లో పైపుల అమరిక మార్చారు. దాంతో శీతల యంత్రంలో చల్లబడి తిరిగి వచ్చిన ద్రవం పైకి చేరకుండా అడుగునే తిరిగింది. చల్లనిది కిందే ఉంది, దాన్ని కొలిచే మీటరూ కిందే ఉంది. మీటరు 17, 18 డిగ్రీలు చూపిస్తుంటే రిజిస్టరులో అదే రాసుకున్నారు. పైపొరల్లో ఎండకూ, లోపలి చర్యకూ ద్రవం రోజురోజుకూ వేడెక్కుతున్న సంగతి ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. శీతల యంత్రాన్ని 24 గంటలూ నడపాల్సింది పోయి సాయంత్రం ఐదింటికి ఆపేసేవారు. టీబీసీ నిల్వ అయిపోయింది. ద్రవంలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే ఏర్పాటే లేదు. ద్రవంలో పాలిమర్ శాతం పెరుగుతోందని పరీక్షల్లో కనబడినా సరుకు నాణ్యత తగ్గుతోందని అనుకున్నారే తప్ప అది ప్రమాద సూచన అని గుర్తించలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ చివరి విషయమే. మొదలవుతున్న చర్య తన ఆనవాలు తానే చూపించింది. దాన్ని చదివినవాళ్లు దాన్ని వ్యాపారం లెక్కలో చదివారు.

మే 7 తెల్లవారుజామున లోపలి వేడి 145 డిగ్రీలు దాటింది. ద్రవం మరిగింది. ట్యాంకు పైభాగంలోని మార్గాల గుండా ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. సుమారు 800 టన్నులు. తెల్లటి మబ్బులా నేలబారుగా కదిలింది. నిద్రలో ఉన్నవాళ్లు ఘాటు వాసనకు దగ్గుతూ లేచి, కళ్లు మంటలెత్తి, ఎటు వెళ్లాలో తెలియక చీకట్లో పరుగెత్తారు. కొందరు రోడ్డు మీదే స్పృహ తప్పారు. 12 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలు ఉన్నారు. 585 మంది ఆసుపత్రి పాలయ్యారు. కొట్టాల్లో పశువులు పడిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. కర్మాగారంలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయని కమిటీ చెప్పింది. ఒక్కటీ మోగలేదు. ఆ వేళ సైరన్ మోగితే ఆ ప్రజలకు కొన్ని నిమిషాల సమయం దొరికేది. గాలి కంటే బరువైన ఆవిరి విషయంలో ఆ కొన్ని నిమిషాలు మేడ మీదికి ఎక్కడానికైనా పనికొచ్చేవి.

తర్వాత గుజరాత్‌లోని వాపి నుంచి టీబీసీని విమానంలో తెప్పించి ట్యాంకులో పోశారు. అప్పటికి ట్యాంకులో మిగిలింది చాలావరకు గట్టిపడిపోయింది. మిగతా ట్యాంకుల్లో, ఓడరేవు దగ్గర నిల్వ ఉన్న సుమారు 13 వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపారు. తెల్లవారాక అంత వేగంగా కదిలిన యంత్రాంగం ఏప్రిల్‌లో కొన్ని కిలోల నిరోధకం తెప్పించలేకపోయింది.

ఇలాంటి ప్రమాదం ఎవరూ ఊహించనిదని అప్పట్లో కొందరన్నారు. అది నిజం కాదు. 2005 ఆగస్టులో అమెరికాలోని సిన్సినాటి నగరంలో రైల్వే యార్డులో నెలల తరబడి పట్టించుకోకుండా వదిలేసిన స్టైరీన్ ట్యాంకర్ వేడెక్కి ఆవిరి చిమ్మింది. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. 2019 మేలో, అంటే విశాఖకు సుమారు ఏడాది ముందు, దక్షిణ కొరియాలోనే సియోసాన్‌లో హన్వా టోటల్ కర్మాగారపు ట్యాంకులో ఇదే రకం చర్య అదుపు తప్పింది. వందలమంది చికిత్స చేయించుకున్నారు. కారణం మూడు చోట్లా ఒకటే. నిల్వ ఉన్న స్టైరీన్, దాన్ని గమనించని మనుషులు. మాతృసంస్థ ఉన్న దేశంలో ఏడాది క్రితం జరిగిన ప్రమాదం నుంచి విశాఖ ట్యాంకు దగ్గరికి ఒక్క ఉష్ణమాపకమైనా అదనంగా చేరలేదు.

ఇప్పుడు విషం సంగతి. ఇక్కడ భోపాల్‌తో పోల్చి చూడాలి. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో విడుదలైన మిథైల్ ఐసోసయనేట్ సుమారు 40 టన్నులు. వేలమంది చనిపోయారు. విశాఖలో విడుదలైన స్టైరీన్ అంతకు ఇరవై రెట్లు. ప్రాణాపాయం కలిగించే స్థాయి అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన హద్దు మిథైల్ ఐసోసయనేట్‌కు 3 పీపీఎం, స్టైరీన్‌కు 700 పీపీఎం. టన్నుకు టన్ను చూస్తే స్టైరీన్ వందల రెట్లు తక్కువ విషపూరితం. అయినా 12 ప్రాణాలు పోయాయంటే వెంకటాపురం వీధుల్లో ఆ తెల్లవారుజామున మోతాదు ఎంత ఎక్కువగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. తక్కువ విషమే కదా అని నిర్లక్ష్యం చేసినచోట అది గాలిలో వందల టన్నులైతే తేడా ఏమీ మిగలదు.

పీలిస్తే మొదట కళ్లు, ముక్కు, గొంతు మండుతాయి. వంద పీపీఎం దాటాక చాలామందికి అది స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా పెరిగితే తలనొప్పి, తలతిరుగుడు, వాంతులు, మగత. మెదడు మీద మత్తుమందులా పనిచేస్తుంది. అందుకే మనుషులు పరుగెత్తుతూ పరుగెత్తుతూ కూలబడిపోతారు. మరీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, శ్వాస ఆగుతుంది. విరుగుడు మందు లేదు. బయటి గాలికి తీసుకురావడం, తడిసిన బట్టలు తీసేయడం, కళ్లు నీటితో కడగడం, ఆక్సిజన్ ఇవ్వడం, ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందులు ఇవ్వడం, అంతే. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో చేసింది ఇదే. సమయానికి చేరిన చాలామంది త్వరగానే కోలుకున్నారు. పీల్చిన స్టైరీన్‌ను కాలేయం ముందుగా స్టైరీన్ ఆక్సైడ్‌గా, తర్వాత మాండెలిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలోంచి పంపేస్తుంది. చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో పోతుంది, కొవ్వులో చేరిన కొంచెం మరికొన్ని రోజులు ఉంటుంది. ఫైబర్ పనివాళ్లకు ఎంత స్టైరీన్ తగిలిందో తెలుసుకోవడానికి మూత్రంలో మాండెలిక్ ఆమ్లాన్నే కొలుస్తారు.

మధ్యలో వచ్చే ఆ స్టైరీన్ ఆక్సైడ్ దగ్గరే దీర్ఘకాలిక భయం ఉంది. అది డీఎన్‌ఏకు అతుక్కోగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాకు, అంటే 2ఎ వర్గానికి మార్చింది. అంతకు ముందు అది ఒక మెట్టు కింద 2బి లో ఉండేది. జంతువుల్లో ఆధారాలు బలంగా ఉన్నాయి, మనుషుల్లో పరిమితంగా ఉన్నాయి. డెన్మార్క్‌లో ఫైబర్ పరిశ్రమల్లో పనిచేసిన 70 వేల మందికి పైగా కార్మికుల రికార్డులు పరిశీలించినప్పుడు కొన్ని రకాల రక్త క్యాన్సర్లు పెరిగిన సూచనలు కనిపించాయి. పరిశ్రమల తరఫువాళ్లు దీన్ని ఒప్పుకోరు. ఎలుకల ఊపిరితిత్తుల్లో స్టైరీన్‌ను మార్చే ఎంజైము మనుషుల్లో అంత చురుకుగా ఉండదు కాబట్టి ఎలుకల లెక్క మనుషులకు వర్తించదని వారి వాదన. ఆ వాదనలో విషయం ఉంది. కానీ ఏళ్ల తరబడి పీల్చే కార్మికుడి విషయంలో సందేహాన్ని కంపెనీకి అనుకూలంగా కాక కార్మికుడికి అనుకూలంగా తీసుకోవాలి. క్యాన్సర్ మాట పక్కన పెట్టినా, చప్పుడు ఉన్నచోట స్టైరీన్ పీల్చేవాళ్లకు వినికిడి త్వరగా తగ్గుతుందనీ, రంగులు గుర్తుపట్టే శక్తి దెబ్బతింటుందనీ చాలా అధ్యయనాల్లో తేలింది. అమెరికాలో చట్టపరమైన పరిమితి ఎనిమిది గంటలకు 100 పీపీఎం. నియోష్ 50 చాలంటుంది. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 20కి, ఆ తర్వాత 10కి దించింది. హద్దు దిగుతూ రావడమే విజ్ఞానం ఎటు వెళుతోందో చెబుతోంది.

ఇక మన వీధులు. థర్మాకోల్ కప్పులో టీ తాగితే క్యాన్సర్ వస్తుందన్న సందేశాలు వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్నాయి. పాలీస్టైరీన్‌లో గొలుసు కట్టకుండా మిగిలిన స్టైరీన్ కొంచెం ఉంటుంది. వేడిగా, నూనెగా ఉన్న పదార్థం పోస్తే అందులోకి దిగుతుంది. ఆ దిగేది శతకోటి భాగాల లెక్కలో ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దాల్చినచెక్కలో కూడా సహజంగా కాస్త స్టైరీన్ ఉంటుంది. థర్మాకోల్ పళ్లెంలో వేడి సాంబారు పోసుకోకపోవడమే మంచిది. థర్మాకోల్‌ను మానడానికి దానికంటే పెద్ద కారణం అది నాలాల్లో చేరి నీటి దారి మూసేయడం. 2022 జూలై 1 నుంచి కేంద్రం అలంకరణ థర్మాకోల్‌నూ, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలనూ నిషేధించింది. ఆ నిషేధం న్యాయమైనది. కానీ కప్పు చూసి భయపడే మనం, ఖాళీ స్థలంలో ఎవరో చెత్తకు నిప్పు పెట్టినప్పుడు లేచే నల్లటి పొగ పక్క నుంచే నడిచి వెళతాం. పాలీస్టైరీన్ కాలేటప్పుడు గొలుసు తెగి స్టైరీన్ తిరిగి విడుదలవుతుంది. దాంతోపాటు మసి, బెంజీన్, ఇంకా చాలా వస్తాయి. కప్పు కంటే ఆ పొగ ఎన్నో రెట్లు చెడ్డది.

అశోక్‌నగర్‌లో రోజంతా నడిచే జిరాక్స్ మిషన్లలోని నల్లపొడి చాలావరకు స్టైరీన్, అక్రిలేట్‌లు కలిసిన ప్లాస్టిక్కే. వేడి రోలరు కింద అది కరిగి కాగితానికి అతుక్కుంటుంది. చేతికి వచ్చిన మెటీరియల్ వెచ్చగా ఉండి, కాసేపు ఒక రకం వాసన వేస్తుంది. అందులో స్టైరీన్ లేశమాత్రం ఉంటుంది. నోట్సు తీసుకుని వెళ్లిపోయే అభ్యర్థికి దానివల్ల ప్రమాదం లేదు. షట్టరు సగం దించి, కిటికీ లేని గదిలో రెండు మూడు మిషన్ల మధ్య పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే కుర్రాడి సంగతి వేరు. అతని గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి. దాని ఖర్చు పెద్దదేమీ కాదు.

నా దృష్టిలో నగరంలో స్టైరీన్‌కు నిజంగా బలయ్యేది ఫైబర్ పని చేసేవాళ్లు. కారుతున్న ఓవర్‌హెడ్ ట్యాంకుకు లోపలి నుంచి పూత వేసేటప్పుడు, డాబా మీద రేకు అతికేటప్పుడు, విగ్రహాలు పోసేటప్పుడు వాడే పాలియెస్టర్ రెజిన్‌లో మూడోవంతుకు పైగా స్టైరీనే ఉండొచ్చు. హార్డ్‌నర్ కలిపాక రెజిన్ వేడెక్కి గట్టిపడుతుంది. ఆ సమయంలో స్టైరీన్‌లో కొంత గాలిలో కలుస్తుంది. నాలుగు అడుగుల నోరున్న ట్యాంకులో దిగి, మోకాళ్ల మీద కూర్చుని, బ్రష్షుతో ఫైబర్ చాప మీద రెజిన్ రుద్దే మనిషి తల ఆవిరి మధ్యలోనే ఉంటుంది. ఆవిరి బరువైనది కాబట్టి అడుగున పేరుకుంటుంది. మూతికి చేతిరుమాలు కట్టుకుంటాడు. ఆ రుమాలు స్టైరీన్‌ను ఏమాత్రం ఆపదు. ఆపేది బొగ్గు ఫిల్టరున్న మాస్కు, బయటి నుంచి లోపలికి గాలి కొట్టే బ్లోయరు. ఫైబర్ పని చేయించుకునే ఇంటి యజమాని ఆ రెండూ ఉన్నాయో లేదో చూసి గానీ పని మొదలుపెట్టించకూడదు. పైన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

గాలిలో కలిసిన స్టైరీన్ ఎక్కువకాలం ఉండదు. ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ కణాలు కొన్ని గంటల్లోనే దాన్ని విడగొట్టేస్తాయి. అందుకే వెంకటాపురం గాలి కొద్ది రోజులకు మామూలైంది. మట్టి, నీరు అంత త్వరగా శుభ్రపడవు కాబట్టి దగ్గర్లోని మేఘాద్రిగెడ్డ జలాశయం నుంచి తాగునీటి సరఫరాను అధికారులు కొంతకాలం ఆపారు.

ఎక్కడైనా ఇలాంటి ఆవిరి వస్తే గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా, పక్కకు, ఎత్తైన చోటుకు కదలాలి. ఆవిరి వచ్చే దారిలోనే ముందుకు పరుగెత్తితే మబ్బుతో పాటే పరుగెత్తినట్టు. బయటికి వెళ్లే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి పై అంతస్తులోకి ఎక్కాలి. తడిగుడ్డ మంటను కొంచెం తగ్గిస్తుంది. నీటిలో కరగని స్టైరీన్‌ను వడకట్టలేదు. దాన్ని నమ్ముకుని ఉన్నచోటే ఉండిపోకూడదు. స్టవ్వు వెలిగించకూడదు.

భోపాల్ తర్వాత ఈ దేశం చట్టాలు చేసుకుంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. 1989 నిబంధనల ప్రకారం కర్మాగారం తన ఆవరణకు అత్యవసర ప్రణాళిక రాసుకుని ఆరు నెలలకోసారి రిహార్సల్ చేయాలి. ఆవరణ బయటికి జిల్లా యంత్రాంగం ప్రణాళిక తయారుచేసి ఏడాదికోసారైనా రిహార్సల్ చేయాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టూ ఉన్న ప్రజలకు ముందే చెప్పాల్సిన బాధ్యత కర్మాగారానిదే. వెంకటాపురంలో ఆ చెప్పడం జరిగి ఉంటే ప్రజలు చీకట్లో గాలివాలునే పరుగెత్తి ఉండేవారు కాదు.

విశాఖ ప్రమాదం తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు చేపట్టి, జస్టిస్ బి. శేషశయనారెడ్డి నాయకత్వంలో కమిటీ వేసి, కంపెనీ చేత 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయించింది. మరణించినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. జూలైలో కంపెనీ ఉన్నతాధికారులతో సహా 12 మందిని అరెస్టు చేశారు. పర్యావరణ అనుమతి లేకుండానే కర్మాగారం నడిచిందన్న విషయం కంపెనీ స్వయంగా 2019లో ఇచ్చిన ప్రమాణపత్రంలోనే ఉందని బయటపడింది. తెలిసిన తర్వాత కూడా సంవత్సరం పాటు ఆపకపోవడానికి బాధ్యత కంపెనీదొక్కటే కాదు.

స్టైరీన్ మీద నా అంచనా ఇది. ఇంట్లో వస్తువుగా దాని ప్రమాదం స్వల్పం. చేతితో పనిచేసే మనిషికి మధ్యరకం, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ పనిచేస్తే ఎక్కువ. ట్యాంకులో నిల్వగా ఉన్నప్పుడు, కాపలా తప్పిన రోజున, అపారం. మన జాగ్రత్తలు మాత్రం ఈ వరుసకు తలకిందులుగా ఉన్నాయి.

హైదరాబాద్ చుట్టూ పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారంలలో రసాయన, మందుల కర్మాగారాలు ఉన్నాయి. బర్కత్‌పుర, నారాయణగూడ వాళ్ల బంధువులెందరో అక్కడ పనిచేస్తున్నారు, అక్కడ ఇళ్లు కొనుక్కున్నారు. మీవాళ్లు ఉన్నచోటికి దగ్గర్లో ఏ కర్మాగారంలో ఏ రసాయనం ఎంత నిల్వ ఉందో, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో, చివరి రిహార్సల్ ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు చట్టం కింద జిల్లా కలెక్టరు కార్యాలయానికి దరఖాస్తు పెట్టి అడగండి. రుసుము పది రూపాయలు. జవాబును తెలుగులో ఇవ్వమనండి.